పిల్లలను తీసికొని పోవుట, పిల్లలతో పోవుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ సభలో మాటాడవలెనని కోరినప్పుడు కార్యదర్శిగారు నన్ను భారతముమీదనో భాగవతముమీదనో నాలుగు మాటలు చెప్పుమనిరి. వారి అభిమానమునకు కృతజ్ఞుడను. కాని నేడు నేను తీసికొనిన విషయము మిక్కిలి సామాన్యమైనది. ఇంటిలో పసిపిల్లలు గలవారు వారిని వెంటబెట్టుకొని కొండకో, తిరునాళ్ళకో, కోట చూచుటకో పోవుదురు గదా. ఆ ప్రయాణములు ఎట్లు జరుగుచున్నవి, ఎట్లు జరుగవలెను అనునదే నా ప్రసంగ విషయము. ఇది సభలో చర్చింపదగినదా యని కొందరికి తోచవచ్చును. ఇంటింట జరుగునదియు, ఎవ్వరును విమర్శించి చూడనిదియు నగుటచేతనే చర్చింపదగినదని నా మనవి.

నేను లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. మా పెద్దలు కరణీకము చేసిరి. 1984లో ప్రభుత్వము ఆ ఉద్యోగములను రద్దుచేసిన పిమ్మట మా యింట మిగిలినవి పాత దస్త్రములు, కలము పట్టు అలవాటు మాత్రమే. ఆ అలవాటుతోనే ఊరి లెక్కలు, రైతుల పద్దులు వ్రాయుచు ఇన్నేండ్లు దాటించితిని. కావ్యములు నేను కళాశాలలో చదివినవి కావు. ఈ గ్రంథాలయపు బీరువాలో దొరకినవి దొరకినట్లు, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదువుకొనినవి. కావున నా మాటలలో పాండిత్యము వెదుకవలదు. అయితే లెక్కల మనిషి కొక అలవాటు కలదు. ఖర్చు వ్రాసిన తరువాత దాని కెదురుగా ఏమి వచ్చినదని అడుగును. పిల్లలతో మనము చేయు ప్రయాణములను గూర్చి నే నడుగునదియు ఆ ప్రశ్నయే.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. పిల్లలను తీసికొని పోవుట వేరు, పిల్లలతో పోవుట వేరు. మొదటిదానిలో ప్రయాణము పెద్దలది. బిడ్డ సామానులలో ఒక సామాను. రెండవదానిలో బిడ్డయు ఒక ప్రయాణికుడే. అతని నడకకు మన నడక తగ్గును, అతని చూపు నిలిచినచోట మన కాలును నిలుచును. మన యిండ్లలో మొదటిది విస్తారము, రెండవది అరుదు.

మన ప్రాంతమున పసిబిడ్డ చేయు మొదటి పెద్ద ప్రయాణము తరచుగా తిరుమలకే. పుట్టువెండ్రుకలు తీయించుటకో, మ్రొక్కు చెల్లించుటకో బయలుదేరుదుము. ఆనాటి వరుస మీ రందరెరిగినదే. తెల్లవారుజామున మూడు గంటలకు తల్లి లేచును. నీళ్ళు కాచి, పిల్లలకు తలంటి, పులిహోర కలిపి, పెరుగన్నము మూట గట్టి, అందరికన్న చివర తాను తయారగును. జీపులో పండ్రెండుమంది ఎక్కుదురు. బిడ్డ ఎవరి ఒడిలోనో ఇరుకుకొని కూర్చుండును. కొండపై వరుసలో నిలుచున్నప్పుడు వానికి కనబడునవి పెద్దల నడుములు, వీపులు మాత్రమే. కోతిని చూచి నిలిచినచో "నడువు, నడువు" అందురు. "అదేంది నాయనా" అని అడిగినచో "ఊరకుండు" అందురు. తిరుగు ప్రయాణమున వాడు నిద్రపోవును. మరునాడు ఇంటివద్దనున్న అవ్వ, "కొండమీద ఏం జూసినావురా" అని అడిగినచో, "జనాన్ని జూసినా" అని చెప్పును. వాడు చెప్పినది అక్షరాల సత్యము.

స్వామి దర్శనమును నేను తక్కువ చేయుట లేదు. మ్రొక్కు తీర్చుట పెద్దల ధర్మము, అది తీరినది. కాని బిడ్డ పద్దులో ఏమి జమ యైనదని చూచినచో ఒక నిద్రలేమియు, రెండు గద్దింపులును మాత్రమే కనబడుచున్నవి. కొంచెము శ్రద్ధ యున్నచో అదే దినమున, అదే ఖర్చుతో, ఆ పద్దు నిండియుండెడిది.

ఇందులకు మన కొండమీది కథయే ఒకటి కలదు. తాళ్ళపాక అన్నమాచార్యులు బాల్యముననే ఇల్లు విడిచి యాత్రికుల వెంట తిరుమలకు వచ్చిన వృత్తాంతమును ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసెను. ఆ బాలుడు కొండ ఎక్కుచు అలసి, ఆకలిగొని, కాళ్ళ చెప్పులతోనే దారిలో ఒకచోట పడి నిద్రపోయెనట. అలమేలుమంగ పెద్దముత్తైదువ రూపమున వచ్చి వానిని లేపి, ప్రసాదము పెట్టి ఆకలి తీర్చెను. ఈ కొండ యంతయు సాలగ్రామమయము, కనుక చెప్పులు విడిచి నడువుమని కారణము చెప్పెను. ఈ కథలో భక్తులు భక్తిని చూతురు. నేను పిల్లవానిని కూడ చూచుచున్నాను. దారిలో పడిన బిడ్డకు కావలసినవి రెండు: కడుపుకు అన్నము, మనసుకు కారణము. ఆ తల్లి రెండును ఇచ్చెను, గద్దింపలేదు. మనము తరచుగా మొదటిది ఆలస్యముగా పెట్టుదుము, రెండవది అసలే చెప్పము. "చెప్పులు విడువు" అని మాత్రము అందుము. ఎందుకని వాడు అడిగినచో, విడువుమంటిమి గనుక విడువవలె నందుము.

1944 ఏప్రిల్ నెలలో మొదటి ఘాటురోడ్డు తెరచువరకు తిరుమలకు పోవుటయనగా కాలినడకయో, డోలీయో. 1974లో రెండవ ఘాటురోడ్డును వచ్చినది. ఈ రోడ్లవలన వృద్ధులకు, రోగులకు కలిగిన మేలు ఇంతింత యనరానిది. అయితే నడచి పోవు దినములలో బిడ్డకొక సౌకర్య ముండెడిది. అలసినచోట పెద్దలును ఆగవలసివచ్చెడిది. అలిపిరి నుండి మూడువేల అయిదువందలకు పైగా మెట్లు. అన్ని మెట్లమీద ఎవరును పరుగెత్తలేరు. ఆగినచోట ఒక మాట, కూర్చున్నచోట ఒక కథ పుట్టెడిది. నేడు బండి మనలను గంటలోపల కొండమీదకు చేర్చుచున్నది. ఆ విధముగా మిగిలిన కాలములో కొంతయైనను బిడ్డకు చెందవలెను గదా. చెందుచున్నదా?

మరియొక యాత్రను గూర్చి చెప్పెదను. వాల్మీకి రామాయణమున బాలకాండలో పెద్దభాగము ఒక ప్రయాణమే. పదునారేండ్లైనను నిండని రాముని, లక్ష్మణుని విశ్వామిత్రుడు వెంటబెట్టుకొని కాలినడకన బయలుదేరెను. ఆయన పోవు కార్యము పెద్దది, యాగరక్షణము. అయినను ముని మొట్టమొదట చేసినదేమి? సరయూ తీరమున బల, అతిబల యను విద్యలను నేర్పెను. అవి ఆకలి, దప్పి, అలసట అంటకుండ కాపాడు విద్యలు. తన కార్యమునకు ముందు పిల్లల అలసటను తలచుకొనెను. పిమ్మట గంగను దాటునప్పుడు నడియేటిలో పెద్ద ధ్వని వినబడగా రాముడు అది యేమని అడిగెను. మానససరస్సున పుట్టిన సరయువు ఇచ్చట గంగలో కలియుచున్నది, ఆ నీటి ఒరపిడిచే పుట్టిన ధ్వని యిది యని ముని వివరించెను. ఆశ్రమము కనబడినచో దాని కథ, అడవి కనబడినచో దాని కథ, నది కనబడినచో దాని పుట్టుక. మిథిల చేరువరకు ఆ బాలుని ప్రశ్నలకు తెంపులేదు, ముని సమాధానములకును తెంపులేదు. ఎచ్చటను "ఊరకుండు" అను మాట లేదు.

తెల్లవారగట్ల ఆ ముని గడ్డిపడకపై నిద్రించుచున్న రాముని లేపిన శ్లోకమే నేడు తిరుమలలో వినబడు శ్రీ వేంకటేశ్వర సుప్రభాతమునకు మొదటి శ్లోకము. మన యిండ్లలో రేడియోలు, ఫోనులు దానినే పాడుచున్నవి. ప్రయాణములో నున్న ఒక పిల్లవానిని అతని తల్లి పేరు తలచి, మెత్తగా, గౌరవముగా నిద్రలేపుటయే ఆ శ్లోకముయొక్క సందర్భము. ఆ శ్లోకము వినుచునే మనము పిల్లలను దుప్పటి లాగి "లెయ్యి, బస్సు పోతుంది" అని లేపుచున్నాము. ఈ యొక్క విషయము గుర్తుంచుకొనినను నా ప్రసంగము ఫలించినట్లే.

ఇక ఆక్షేపణలకు వచ్చెదను. మొదటి ఆక్షేపణ: "మూడేండ్ల బిడ్డకు ఏమి జ్ఞాపక ముండును? ఎంత చూపినను మరచిపోవును గదా." నిజమే, ఊరి పేరు మరచును, దేవుని పేరు మరచును. కాని మాట మిగులును. చెరకు గానుగ చూచిన బిడ్డకు గానుగ, రసము, పిప్పి, పెనము, పాకము అను మాటలు కంటితోను, ముక్కుతోను, నాలుకతోను అబ్బును. చూడని బిడ్డ కవి పుస్తకములోని అక్షరములు మాత్రమే. మన చిత్తూరు సీమ బెల్లమునకు పేరొందినది. అట్టి సీమలో పుట్టిన పిల్లలు బెల్లము అంగడిలో పుట్టుననుకొనుచున్నారు. చిన్ననాట తిన్న అన్నము ఏనాటి దని ఎవరికిని జ్ఞాపకము లేదు. అయినను దానితోనే ఒళ్ళు పెరిగినది. చూచిన చూపును అట్టిదే.

రెండవ ఆక్షేపణ ధనమును గూర్చినది. "కూలినాలి చేసికొనువారికి షికార్లు ఎక్కడివి?" ఇది తీసివేయదగిన మాట కాదు. దీనికి ఇద్దరు పిల్లలు గల ఒక కుటుంబము లెక్క చెప్పుదును. కారు కట్టించుకొని దూరపు పట్టణమునకు పోయి, బొమ్మల అంగడిలో దిగి, హోటలులో భోజనముచేసి వచ్చుటకగు సొమ్ముతో, చేరువ స్థలములకు ఎర్రబస్సులో ఆరేడు మారులు పోయి రావచ్చును. 2025 ఆగస్టు 15 మొదలు మన రాష్ట్రమున పల్లెవెలుగు మున్నగు బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ వసతి కలిగినది. అన్నము ఇంటినుండియే వచ్చును. బొరుగులు, వేయించిన శనగపప్పు, బెల్లపుముక్క ఉన్నచో పిల్లలకు మధ్యాహ్నము గడచును. ఆ ఖర్చును లేనివారికి ఊరి చెరువుకట్ట కలదు, వేరుశనగ చేను కలదు, పొరుగూరి గానుగ కలదు. వానికి టిక్కెట్టు లేదు.

మూడవ ఆక్షేపణ తీరికను గూర్చినది. దీనికి నేను అంకెలతోనే సమాధానము చెప్పెదను. బిడ్డకు మూడేండ్లు నిండినది మొదలు పదేండ్లు నిండువరకు ఏడు సంవత్సరములు. నెల కొక దినము చొప్పున వానికిచ్చినచో మొత్తము 84 దినములు. ఆ తరువాత వానికి స్నేహితులు వత్తురు, పరీక్షలు వచ్చును, మనము రమ్మన్నను వాడు రాడు. మన జీవితమంతటిలో బిడ్డ మన వ్రేలు పట్టుకొని నడచు దినములకు మొత్తపు పద్దు అది. అందులో మీ యింట నేటికి ఎన్ని గడచినవో, ఎన్ని నిలువయున్నవో ఎవరికి వారు వేసికొనదగిన లెక్క. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణము విశ్రాంతిని, ఆటపాటలను బిడ్డ హక్కులుగా చెప్పినది. మన దేశము 1992లో దానిని అంగీకరించినది. అనగా ఇది మనము దయతో ఇచ్చునది కాదు, వానికి చెల్లింపవలసిన బాకీ.

పోవలసిన చోట్ల కేమి కొదువ? చంద్రగిరి కోట మన ముంగిటనే యున్నది. విజయనగర రాజుల చివరి రాజధానులలో నది యొకటి. రాజమహలు మూడంతస్తులు, కలప వాడక, రాయి, ఇటుక, సున్నములతో కట్టిన కట్టడము. అందులో వస్తుప్రదర్శనశాల కలదు. పెద్దలు అచ్చట రాజుల పేర్లు, సంవత్సరములు చదివించుటకు చూతురు. నా మనుమరాలు ఆరేండ్లది, మహలు చూచి, "తాతా, ఈ రాజుగారికి అన్నం యాడ వండేది?" అని అడిగెను. అది చరిత్రకారు లడుగదగిన ప్రశ్నయే. వంటయిల్లు ఏది, నీళ్ళు ఎచ్చటనుండి తెచ్చిరి, దొంగ వచ్చినచో ఏ దారిని పట్టుకొందురు అని మేము రెండు గంటలసేపు వెదకితిమి. రాజుల సంవత్సరము లొక్కటియు నే నామెకు చెప్పలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఆమెయే అడిగి తెలిసికొనెను.

తిరుపతిలో అలిపిరికి పోవు దారిలోనే 1993లో స్థాపించిన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రము కలదు. అచ్చట చూచుట మాత్రమే కాదు, చేతితో త్రిప్పి, నొక్కి, లాగి తెలిసికొను పరికరములున్నవి. "ముట్టుకోవద్దు" అను మాట తక్కువగా వినబడు చోటు పిల్లలకు స్వర్గము. 1987లో తెరచిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల శేషాచలము పాదమున అయిదువేల ఎకరములకు మించి విస్తరించినది. దానినంతయు ఒక దినమున చూపవలెనని పరుగెత్తించుట బిడ్డకు శిక్ష. ఏనుగును ఒక గంట చూచి తిరిగి వచ్చినను నష్టము లేదు. మిగిలినవి మరుసటి మారునకు. వానలు పడు కార్తీకమున కపిలతీర్థమువద్ద కొండనుండి నీరు దూకును. వేసవిలో అదే బండ ఎండి యుండును. ఒకే చోటికి రెండు ఋతువులలో తీసికొని పోయినచో నీ రెక్కడనుండి వచ్చినది, ఎక్కడికి పోయినది యని బిడ్డయే అడుగును. కొండపైకి పోయినవారు ఆలయమునకు సమీపముననే యున్న శిలాతోరణమును చూపవలెను. సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఆ రాతి తోరణమును ఏ శిల్పియు చెక్కలేదు. గాలియు నీరును అనేక లక్షల యేండ్లు పనిచేసి దానిని మలచినవి. ఆ మాట చెప్పి ఊరకున్న చాలును. బిడ్డ చాలసేపు దానివైపే చూచుచుండును.

మన తిరునాళ్ళు కూడ పిల్లలకు పాఠశాలలే. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము మున్నగునవి పెద్దలతో పాటు చిన్నపిల్లలును వేసికొందురు. ఒంటికి నామపు సుద్ద, కుంకుమ, బొగ్గుపొడి పూసికొని వీథులలో తిరుగుదురు. సంవత్సరములో ఒకమారు బిడ్డ తాను కానివానిగా మారి, పెద్దలచేత దండము పెట్టించుకొను ఉత్సవము మరెచ్చట కలదు? మన చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళవద్ద జరుగు భారతోత్సవములు ఇంకొక భాగ్యము. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. బకాసురవధ నాడు భీముని అన్నపుబండి ఊరంతయు తిరుగును. అర్జునుని తపస్సు నాడు వేషగాడు పొడవైన మానెక్కి పైనుండి ప్రసాదములు చల్లును. చివర మట్టితో చేసిన దుర్యోధనుని పెద్ద ప్రతిమ, అగ్నిగుండము. భారతము చదువనేరని వారెందరో ఆ పందిళ్ళ క్రిందనే భారతము నేర్చిరి. నాకు భారతముపై మక్కువ పుట్టినది బడిలో కాదు, అట్టి పందిరిలో గోనెసంచిపై నిద్రపోవుచు లేచుచు విన్న రాత్రులలోనే. తెల్లవార్లు మేలుకొనుమని పిల్లలను నిర్బంధింపవలదు. బండి వచ్చునప్పుడు లేపి చూపి, మరల పండుకొనబెట్టవలెను.

ఇప్పుడు తల్లులను గూర్చి ఒక మాట. సభలోని పురుషులు దీనిని శ్రద్ధగా వినవలెనని ప్రార్థన. మన యింట షికారు అనగా తల్లికి వంటయిల్లు స్థలము మారుటయే. ఇంటివద్ద వండినది అచ్చట వడ్డించును. ఇంటివద్ద తుడిచిన ముక్కును అచ్చట తుడుచును. చిన్నవాడు ఏడ్చినచో ఆమెయే ఎత్తుకొనవలెను, తండ్రి దారి చూపుచు ముందు నడచును. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట మనము మంచముపై వాలుదుము, ఆమె గిన్నెలు తోముకొనును. ఆ తల్లి కోట చూచినదా, జలపాతము చూచినదా యని అడుగువారు లేరు. నేను కోరునది పెద్ద త్యాగము కాదు. ప్రయాణపు దినమున బిడ్డ బాధ్యత తండ్రిదో, తాతదో కావలెను. మూట మోయుట, నీళ్ళు త్రాగించుట, మూత్రమునకు తీసికొని పోవుట, నిద్రవచ్చినచో భుజముపై వేసికొనుట మగవారు నేర్వదగని విద్యలు కావు. తిరునాళ్ళలో తండ్రి భుజములపై కూర్చుండి రథము చూచిన బిడ్డ ఆ ఎత్తును జన్మాంతము మరువడు. తల్లికి ఒక గంటయైనను చేతులు ఖాళీగా నుండి, తనకు నచ్చినచోట నిలిచి చూచు అవకాశము కలుగవలెను. అప్పుడే అది కుటుంబ ప్రయాణము.

జాగ్రత్తలును చెప్పవలసియున్నవి. బిడ్డతో పోవుటలో బిడ్డను స్వేచ్ఛగా వదలుట లేదు. 2023 ఆగస్టు నెలలో అలిపిరి నడకదారిలో తలిదండ్రులతో పోవుచున్న ఒక పసిబాలిక చిఱుతపులి వాతబడిన ఘోరము మన మందరము ఎరుగుదుము. ఆ పిమ్మట మధ్యాహ్నము రెండు గంటలు దాటిన తరువాత పిల్లలతో నడకదారిని పోవుటపై దేవస్థానమువారు ఆంక్షలు విధించిరి. పిల్లలతో నడువవలెనని సంకల్పించువారు ఉదయముననే బయలుదేరవలెను, గుంపును విడువరాదు, బిడ్డను పెద్దల నడుమ నడపింపవలెను. ఏటియొడ్డున ఇసుక త్రవ్విన గుంటలు పైకి కనబడవు. స్వర్ణముఖిలో నీరు మోకాటి లోతే యని బిడ్డను వదలరాదు. జనసమ్మర్దము గలచోట బిడ్డ జేబులో తండ్రి పేరు, ఊరు, ఫోను అంకె వ్రాసిన కాగిత ముండవలెను. మరియొక జాగ్రత్త ఫోనును గూర్చినదే. బిడ్డను కోటముందు నిలబెట్టి, నవ్వుమని, చేయెత్తుమని పదిమారులు ఫోటో తీసిన తరువాత వానికి కోట చూచు ఓపిక మిగులదు. ఒక ఫోటో తీసి ఫోనును సంచిలో వేయుడు. వాడు విసిగించుచున్నాడని ఆ ఫోనునే వాని చేతికిచ్చినచో ప్రయాణము అంతటితో ముగిసినట్లే.

ఇక నేను గ్రంథాలయ సభలో ఈ విషయము ఏల ఎత్తితినో చెప్పి ముగించెదను. బిడ్డ అడుగు ప్రశ్నలన్నిటికి తలిదండ్రులకు సమాధానములు తెలియవు. విశ్వామిత్రులము కాము గదా. తెలియనప్పుడు గద్దించుట అలవాటైనది. దాని బదులు "తెలియదు నాయనా, పోయి చూతము" అని చెప్పుటకు ఒక చోటుండవలెను. ఆ చోటు ఈ గ్రంథాలయమే. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవమీద గ్రంథాలయమును నడపిరి. నాడు పుస్తకములు ప్రయాణము చేసి జనులయొద్దకు పోయినవి. మనము పిల్లలను ప్రయాణము చేయించి పుస్తకములయొద్దకు తీసికొని రావచ్చును.

కార్యవర్గమువారికి నా మనవి యిది. ఈ రజతోత్సవ సంవత్సరము మొదలు నెల కొక ఆదివారము గ్రంథాలయము తరపున ఊరి పిల్లల ప్రయాణ మొకటి ఏర్పాటు చేయుడు. ఒక నెల చెరువుకట్ట, ఒక నెల గానుగ, ఒక నెల చంద్రగిరి. కూలికి పోవు కుటుంబముల పిల్లలు మొదట రావలెను, ఏలయన వారిని తీసికొని పోవువారు ఇంటిలో లేరు. ఆడపిల్లలు సగమునకు తగ్గరాదు. అయిదుగురు పిల్లల కొక పెద్దమనిషి యుండవలెను. ప్రయాణమునకు ఒక చిట్టా పుస్తక ముండవలెను. దానిలో ఒక ప్రక్క ఖర్చు, మరియొక ప్రక్క ఆ దినమున పిల్లలడిగిన ప్రశ్నలు వ్రాయవలెను. మరుసటి ఆదివారము వారందరు ఇచ్చటికి వచ్చి, బీరువాలు తెరచి, సమాధానములు వెదకుకొందురు. మన గ్రంథాలయమున పాత చందమామ సంపుటములు కలవు. 1947లో ఆరంభమైన ఆ పత్రిక నేడు వెలువడుట లేదు గాని, ఆ సంపుటములు నేటికిని పిల్లలచేతులలో నలుగుటకు సిద్ధముగా నున్నవి. జంతువులమీద, నక్షత్రములమీద, కోటలమీద సరళమైన పుస్తకములు మరికొన్ని తెప్పింపవలసియున్నది. ఆ చిట్టా వ్రాయు పనియు, మొదటి మూడు ప్రయాణముల బస్సు ఖర్చును నావి.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది పెద్దలు చదువుటచేత. మరి ఇరువదియైదేండ్లు నిలువవలెనన్నచో ముందు వరుసలో చాపలమీదనున్న ఈ చిరంజీవులు ప్రశ్నలతో ఈ గడప త్రొక్కవలెను. వారు అడుగుటకు వారికి ఏదో యొకటి కనబడవలెను. కనబడుటకు మనము వారితో నడువవలెను. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు, ఎండ ముదురకముందే, ఎందరు పిల్లలు వచ్చిన అందరితో చెరువుకట్టకు పోవుటకు నేను గ్రంథాలయపు మెట్లవద్ద నుందును. తలిదండ్రులును రావచ్చును. అయితే పిల్లల వెనుక నడువవలెను.